ఏడో మనిషి మీద కాగితం

చిత్రశాల వెనక గది
మార్చి 6

ఉడతా,

నేను మీ మామయ్యని. ఉత్తరం చూసి ఎవరో పోయారనుకుని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం, మీ అత్త మోకాలు తప్ప.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు గబగబా మాట్లాడతావు. నాకు సగం వినపడదు, వినపడ్డ సగం అర్థం కాదు. కాగితమైతే పదిసార్లు చదువుకోవచ్చు. నా అక్షరాలు చూసి నవ్వొస్తే నవ్వుకో. రెండో తరగతిలో బడి మానేసినవాడి రాత ఇంతకన్నా గుండ్రంగా రాదు.

ముందు ఒక మాట. నువ్వు ఉద్యోగంలో చేరినప్పుడు ఏం పని అని మా అక్కని అడిగాను. మనుషుల ఉమ్మిలో ఏముందో చూసే పని అంది మీ అమ్మ. "అంత చదువూ చదివి చివరికి ఉమ్మి దగ్గర తేలిందా" అని పడీపడీ నవ్వాను. ఆ మాట నీ దాకా వచ్చిందని తెలుసు. వెనక్కి తీసుకుంటున్నాను. ఇలాంటి మాట నా నోట మళ్ళీ రాదు, కాబట్టి ఈ కాగితం దాచుకో.

ఇప్పుడు నీ చదువు నాకు కావాలి.

ఇక్కడికి కొత్త ఆఫీసరు వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పొద్దున్న గుమ్మం దగ్గర తెల్ల గ్లౌజులు తొడుక్కుంటే సాయంత్రం ఆ గుమ్మం దగ్గరే తీస్తుంది. గ్లౌజులమ్మ అని పేరు పెట్టాను. మొన్న పిల్లిలా వచ్చి నా వెనక నిలబడింది. నా పని నీకు తెలిసిందేగా. సన్న పుల్లకి దూది చుట్టి, నోట్లో తడిపి, బొమ్మ మీద గోరంత మేర దొర్లిస్తాను. మురికి దూదికొస్తుంది, రంగు బొమ్మ మీదే ఉంటుంది. మా గురువు నేర్పింది అదే, యాభై రెండేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే.

"దేంతో తుడుస్తున్నారు?" అంది.

"మంచినీళ్ళతో" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆ తెల్ల చేతులు చూసేసరికి అబద్ధం దానంతటదే వచ్చేసింది. ఆవిడ బల్లంతా చూసింది. నీళ్ళ గిన్నె ఉంటేగా!

"ఏ బొమ్మకి ఏం తగిలించామో రాయడానికి ఇక్కడ పుస్తకం ఒకటి ఉంది. ఇరవయ్యేళ్ళలో మీరు అందులో ఒక్క ముక్క రాయలేదు" అంది. నాకు రాత బాగా రాదని ఆవిడతో ఎలా చెప్పను?

ఇప్పుడు నా ముందున్న బొమ్మ చాలా పెద్దది. ఒక పొడుగాటి బల్ల మీద ఏడుగురు కూర్చుని నార వడుకుతున్నారు. కనపడేది ఆరుగురే. ఏడో మనిషి మీద ఎవడో ఏ కాలంలోనో గోధుమరంగు కాగితం అంటించేశాడు. మైదా జిగురుతో అంటించాడు, అది రాయిలా బిగిసింది. మే నెలాఖరుకి ఆ కాగితం కింద మనిషిని బయటికి తీస్తే ఈ గది నాది. లేకపోతే బొమ్మ మందుల సీసాలతో కడిగేవాళ్ళకి వెళ్తుంది, నా పీట మా ఇంటికొస్తుంది. గ్లౌజులమ్మ ఇదంతా మర్యాదగా చెప్పింది కాబట్టి ఇంకా మండింది.

కాబట్టి ఉమ్మిలో ఏముందో, అది ఏం పని చేస్తుందో ఒక కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపు. ఆ గ్లౌజుల చేతిలో పెడతాను.

మీ మామయ్య

*

ప్రయోగశాల, రెండో అంతస్తు
మార్చి 15

మామయ్యా,

నువ్వు వెనక్కి తీసుకున్న ఆ మాటకి చట్రం కట్టించి నా బల్ల మీద పెట్టుకున్నాను. మా గదిలో అందరూ చదివారు. "మీ మామయ్య ఉత్తరం రాస్తే తిట్టినట్టుంటుంది, కానీ ఎంత బావుంది" అన్నారు.

ఇక ఉమ్మి సంగతి. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీళ్ళే. కాబట్టి మంచినీళ్ళతో తుడుస్తున్నానని నువ్వు చెప్పింది నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నిజం! పనంతా ఆ మిగిలిన ఒక్క పాలుదే. అందులో ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో నీకు అన్నిటికన్నా కావలసినవాడు అమైలేజ్. పిండి అంటే పూసలు గుచ్చిన దండలాంటిది. వీడు ఆ దారాన్ని ఎక్కడికక్కడ తుంపేస్తాడు. ఒక రొట్టెముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా నములుతూ కూర్చో, కాసేపటికి తియ్యగా మారుతుంది. దండ తెగి చక్కెర రాలుతోందన్నమాట. నీ బొమ్మ మీద మైదా జిగురు కూడా పిండే కదా. నీళ్ళకి లొంగనిది నీ నోటికి ఎందుకు లొంగుతుందో ఇప్పుడు తెలిసిందా?

ఇంకొకడున్నాడు, మ్యూసిన్. ఉమ్మి తీగలా సాగేది వాడివల్లే. ముద్ద గొంతులోకి జారాలన్నా, నాలుక అంగిలికి అంటుకోకుండా నువ్వు నాలుగు తిట్లు తిట్టాలన్నా వాడే దిక్కు. నీ దూదికి మురికి పట్టుకునేదీ చాలావరకు వాడే అనుకుంటున్నాం. లైసోజైమ్ అని ఒకడు, సూక్ష్మక్రిముల గోడలకి కన్నాలు పెడతాడు. లాక్టోఫెర్రిన్ కొట్టడు, తిట్టడు. క్రిములకి కావలసిన ఇనుమంతా తానే పట్టుకుని కూర్చుంటాడు, అవి మాడిపోతాయి. స్టాథరిన్ సున్నాన్ని ఉమ్మిలో కరిగి ఉండేలా చూస్తాడు, పళ్ళు అరిగినచోట మళ్ళీ అతుకు పడేది అందుకే. హిస్టాటిన్ బూజుని చంపుతాడు, పుండు మాన్పుతాడు. నాలుక కొరుక్కుంటే ఎంత తొందరగా మానుతుందో చూడు, అదే వేలికి గాయమైతే ఎన్నాళ్ళు బాధపెడుతుందో చూడు.

ముద్ర వేసి ఇవ్వాలంటే ఊరికే రాయకూడదు. నీ ఉమ్మి నేను కొలవాలి. డబ్బాలో మూడు గొట్టాలు పెట్టాను. పొద్దున్నే, ఏమీ తినకముందు, ఖాకరించకుండా, తల వంచుకుని నోట్లో ఊరినది ఊరినట్టు గీత దాకా నింపు. మూత బిగించి వెంటనే పంపు.

అత్తయ్య మోకాలికి నా ముద్దులు.

నీ ఉడత

*

చిత్రశాల వెనక గది
మార్చి 24

ఉడతా,

గొట్టాలు పంపుతున్నాను. ఎంతసేపు పడుతుందో అనుకున్నా, చిటికెలో నిండాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ పేర్లు నోరు తిరగవు, నేను వేరే పెట్టుకున్నాను. పిండి తుంపేవాడు కత్తెర. తీగలా సాగేవాడు జారుడుబండ. గోడలకి కన్నాలు పెట్టేవాడు దొంగ, మనవైపు దొంగ కాబట్టి మంచిదే. ఇనుము పట్టుకు కూర్చునేవాడు మా పాత స్టోరుకీపరు. ఒక మేకు అడిగితే మూడు రోజులు తిప్పేవాడు.

రొట్టె నమలమన్నావు, నమిలాను. పావుగంట నమిలాను. తియ్యగా మారలేదు సరికదా, అంగిలికి అతుక్కుపోయింది. మీ అత్త నమిలి నిమిషంలో "తియ్యగానే ఉందే" అంది. ఆవిడ మాట నమ్మడానికి లేదు, ఆవిడకి చిన్నప్పట్నుంచీ అన్నీ తియ్యగానే ఉంటాయి. రొట్టెలోనే ఏదో తేడా ఉంది.

కాగితం సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను, నువ్వు అడగలేదు గానీ అడుగుతావు. మొండికేసింది. ఈ మూడు వారాల్లో ఒక మూల రెండు వేళ్ళ వెడల్పు లేచింది, అంతే. ఇదివరకైతే దీనికి రెండు రోజులు. ఆ కాలం మైదా అలాంటిదేమో.

గ్లౌజులమ్మ రోజూ వస్తుంది, చూస్తుంది, పోతుంది. ఏమీ అనదు. తిట్టే మనిషికి జవాబు చెప్పగలను గానీ, ఇలా చూసి పోయే మనిషిని ఏం చెయ్యాలి? ఇప్పుడు నా బల్ల మీద నీళ్ళ సీసా పెట్టుకున్నాను. ఆవిడ కోసం కాదు. దాహమేస్తుంది.

ముద్ర మర్చిపోకు. పెద్దది వెయ్యి.

మామయ్య

*

ప్రయోగశాల, రెండో అంతస్తు
ఏప్రిల్ 10

మామయ్యా,

కూర్చుని చదువు.

నువ్వు పంపిన ఉమ్మి అద్భుతం. మా దగ్గర రెండువందల పన్నెండు మంది ఉమ్మి ఉంది, వాళ్ళందరినీ దాటేసింది నీ కత్తెర. మా పెద్దసారు అంకెలు చూసి మళ్ళీ కొలవమన్నారు. మళ్ళీ కొలిచినా అదే వచ్చింది. నేను లేచి నిలబడి "మా మేనమామ!" అని గది మొత్తానికీ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఆ కత్తెరని తయారుచేసే జన్యువు ఒక్కొక్కరిలో ఒక్కో లెక్కన ఉంటుంది. కొందరికి రెండు, కొందరికి పది. అదీ చూస్తాం. అది చూసేటప్పుడు ఆ మనిషి మగా ఆడా అన్నది కూడా బయటపడిపోతుంది. అడక్కపోయినా బయటపడుతుంది.

పెద్దసారు కాగితం చూశారు. నన్ను చూశారు. "మీ మేనమామ ఆడమనిషా?" అన్నారు.

మామయ్యా, అది అత్తయ్య ఉమ్మి.

అందరూ పడి పడి నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరువాత నీ రెండో ఉత్తరం తీసి మళ్ళీ చదివితే నవ్వు ఆగిపోయింది. రొట్టె అంగిలికి అతుక్కుంది. దాహమేస్తోంది. రెండు రోజుల పని మూడు వారాలైనా కాలేదు. తప్పు రొట్టెదా, మైదాదా? నీ నోరు ఎండిపోయింది, అవునా కాదా? ఎన్నాళ్ళ నుంచి? కొత్త మాత్రలేమైనా వేసుకుంటున్నావా? పేరు చూసి రాసి పంపు. పట్టీ మీద అక్షరాలు చిన్నవైతే అత్తయ్యని చదవమను.

ఇది పీట సంగతి ఒక్కటే కాదు. ఉమ్మి లేకపోతే పళ్ళు పుచ్చుతాయి, నోట్లో బూజు పడుతుంది, ముద్ద గొంతుకి అడ్డం పడుతుంది. ఆ ఒక్క పాలు లేకపోతే నోరు కాపలా లేని ఇల్లు.

నీ పేరు మీద ముద్ర వెయ్యలేను. అబద్ధానికి ముద్ర వేస్తే నా ఉద్యోగం పోతుంది. కోప్పడకు.

ఉడత

*

ఇంట్లో, వంటింటి బల్ల
ఏప్రిల్ 17

ఉడతా,

కోప్పడకు అని రాశావు. కోప్పడ్డాను. నీ ఉత్తరం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను, రెండు రోజులు తియ్యలేదు. చిన్నప్పుడు నా భుజాల మీద ఎక్కి నా చెవులు పట్టుకుని తిరిగినదానివి, నన్ను పదిమందిలో ఆడమనిషిని చేశావు.

మూడో రోజు తీసి మళ్ళీ చదివాను. నీ తప్పేం లేదు. ఉన్నది ఉన్నట్టు రాశావు. సరే, నేనూ రాస్తాను.

నాలుగు నెలలయింది. రాత్రుళ్ళు నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోందని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దేనికి లేవాలో నీకు చెప్పక్కర్లేదు. ఆయన మాత్ర ఇచ్చాడు. ఆ బాధ తగ్గింది. వారం తిరగకుండా నోరు ఇసకలాగా అయిపోయింది. కింద కుళాయి కట్టెయ్యమంటే ఆ మహానుభావుడు పైన కుళాయి కూడా కట్టేశాడు. నాకది తట్టలేదు. ముసలితనం అనుకున్నాను. నోరెండిపోయినవాడికి ఆ గదిలో ఏం పని? సుత్తి పోయిన కంసాలి కొలిమి ముందు కూర్చున్నట్టు. ఎవరికి చెప్పుకోను? గ్లౌజులమ్మకా?

నీ గొట్టాలు వచ్చిన రోజు పొద్దున్న నిజంగానే ప్రయత్నించాను. అరగంట తల వంచుకుని కూర్చున్నాను. మెడ పట్టేసింది గానీ గొట్టం అడుగు తడవలేదు. మీ అత్త వచ్చి "ఏమైంది, ఏం పోగొట్టుకున్నారు?" అంది. "ఉడత నీ ఉమ్మి పంపమంది, ఆడవాళ్ళ ఉమ్మి మీద ఏదో పరీక్షట" అన్నాను. ఆవిడ సంబరపడిపోయి మూడు గొట్టాలూ చిటికెలో నింపేసింది. చిటికెలో నిండాయని నీకు రాశాను చూడు, అది అబద్ధం కాదు. నావి కావు, అంతే.

ఇలా మీ ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పాను. గ్లౌజులమ్మకి చెప్పినదానితో కలిపి మూడు. డెబ్భై రెండేళ్ళలో ఎప్పుడూ ఇన్ని చెప్పలేదు.

మాత్ర పట్టీ కత్తిరించి ఇందులో పెడుతున్నాను. చూడు. మే నెలాఖరుకి ఇంక ఆరు వారాలు. కాగితం అలాగే ఉంది.

మామయ్య

*

ప్రయోగశాల, రెండో అంతస్తు
ఏప్రిల్ 23

మామయ్యా,

ముసలితనం కాదు, ఆ మాత్రే. అది చేసే పనే అది. తడి పుట్టే చోటల్లా "ఇంక చాలు" అని చెబుతుంది. నువ్వే ఠక్కున మానెయ్యకు. డాక్టరు దగ్గరికి వెళ్ళి "నోరు ఎండిపోతోంది, నా వృత్తికి నోరు కావాలి" అని ఇదే మాట చెప్పు. తగ్గించే దారులుంటాయి. తిరిగి రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా గుక్కెడు గుక్కెడు నీళ్ళు, తీపి లేని పుల్లటిది బుగ్గన.

కాగితం మాటకొస్తే, నా దగ్గర సీసాలో కత్తెర ఉంది, పొడి. కానీ దాన్ని బొమ్మ మీద వాడాలంటే మీ ఆఫీసు పై నుంచి అనుమతి రావాలి, రెండు నెలలు. నీకు అయిదు వారాలే ఉన్నాయి.

నీ ఇంట్లో, నీ ఎదురుగా కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టుకుంటున్న మనిషి నోట్లో ఊరికే పుడుతోందది. రెండువందల పన్నెండు మందిలోకీ మొదటిది. ముద్ర వేసి పంపుతున్నాను, పెద్ద ముద్రే. పేరు ఉండాల్సినచోట అత్తయ్య పేరుంది.

దీన్ని ఆఫీసరు చేతిలో పెట్టాలంటే మూడు అబద్ధాలూ విప్పాలి. ఆ పని నేను చెయ్యలేను. ముందు అత్తయ్యతో మొదలుపెట్టు. ఆవిడ తేలిక.

ఒకటి మర్చిపోకు. తుడిచినచోట చివర మంచినీళ్ళ దూదితో మళ్ళీ తుడవాలి. ప్రోటీన్ అక్కడే ఉండిపోతే తరువాత దానికే బూజు పడుతుంది.

నీ ఉడత

*

చిత్రశాల వెనక గది
మే 12

ఉడతా,

మీ అత్త తేలిక అన్నావు. నీకేం తెలుసు!

చెప్పాను. కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది. "అంటే నా ఉమ్మి మీ పేరు మీద వెళ్ళిందా?" అంది. అవునన్నాను. "పైగా మొదటిదిగా వచ్చిందా?" అంది. దానికీ అవునన్నాను. తరువాత "నలభై ఆరేళ్ళ కాపురంలో మీరు నన్ను ఒక్కసారి మెచ్చుకున్నారు, అదీ మీ పేరు మీదే" అంది. మింగలేను, కక్కలేను.

"నాకు కావాలి" అన్నాను.

"ఏం కావాలి?"

"నీ ఉమ్మి."

"గిన్నెలో పోసి పంపను. కావాలంటే నేనే వస్తాను. నాకూ కుర్చీ వెయ్యాలి, వీపు ఆనేది. బొమ్మ మొత్తం చూపించాలి."

సోమవారం తీసుకొచ్చాను. గదంతా కలయజూసి "ఇంత దుమ్ములోనా రోజూ కూర్చునేది?" అని ముందు కిటికీ తుడిచింది. ఆ తరువాత కాజాల పని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ దూది తడిపి ఇస్తుంది, నేను దొర్లిస్తాను. ఒకసారి బొమ్మని తాకిన దూది మళ్ళీ నోటికి వెళ్ళకూడదు, అది మా గురువు పెట్టిన మొదటి నియమం. ఆవిడకి ఒక్కసారే చెప్పాను, తప్పలేదు. సూదిలోకి దారం ఎక్కించేముందు నోట్లో పెట్టి తడిపే అలవాటు కాబట్టి చేతికి తెలిసిన పనే అది.

గ్లౌజులమ్మ వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది.

"ఈవిడెవరు?"

"నా పనిముట్టు" అన్నాను. నోరు జారింది. మీ అత్త నా తొడ గిల్లింది, ఇప్పటికీ కమిలి ఉంది.

ఇంక లాభం లేదని లేచి నిలబడ్డాను. మంచినీళ్ళు కాదు, ఉమ్మి అన్నాను. యాభై రెండేళ్ళుగా ఉమ్మే అన్నాను. ఇప్పుడు నా నోరు ఎండిపోయింది, ఇది మా ఆవిడది అన్నాను. నీ కాగితం ఇచ్చాను. పుస్తకంలో ఎందుకు రాయలేదంటే నాకు రాత సరిగ్గా రాదు, అదీ చెప్పేశాను. చెప్పడం మొదలుపెడితే ఒకదాని వెనక ఒకటి అన్నీ వచ్చేశాయి, ఉన్నవన్నీ.

ఆవిడ కాగితం ముద్ర దాకా చదివింది. "ఉమ్మి వాడతారని నాకు మొదటి రోజే తెలుసు. మా పాఠాల్లో కూడా ఉంది. నాకు అభ్యంతరం ఉమ్మి కాదండీ. రేపు మీరూ నేనూ లేనప్పుడు ఈ బొమ్మకి ఏం తగిలిందో ఎవరికీ తెలియకుండా పోవడం" అంది.

ఉడతా, ఈ ముక్క మార్చిలోనే అని ఉంటే సరిపోయేది కదా? అడిగాను. "మీరు మంచినీళ్ళు అన్నారు కదా" అంది.

అయినా వదల్లేదు. పాత చట్రం వెనక అదే మైదాతో అంటించిన కాగితం దొరికితే మూడు గళ్ళు గీసింది. ఒకటి నీళ్ళకి, ఒకటి నాకు, ఒకటి మీ అత్తకి. గడియారం పెట్టింది. నీళ్ళగడి చిరిగింది. నాది కూడా చిరిగింది. మీ అత్త గడి ఎండిన ఆకు కొమ్మ నుంచి ఊడినట్టు నెమ్మదిగా, ముక్క కాకుండా లేచి వచ్చింది. గ్లౌజులమ్మ నవ్వడం నేను చూడటం అదే మొదలు. పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, పెన్ను ఇచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను రాస్తుంటే చూడకుండా ఉండాలని. మనిషి మంచిదే.

ఇలా రాశాను. "మైదా జిగురు. మనిషి ఉమ్మి. నాది కాదు. నా భార్యది. చివర మంచినీళ్ళు." అయిదు ముక్కలకి పావుగంట పట్టింది.

డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. మాత్ర సగం చేశాడు. నోరు ఇంకా ఇసకే.

మామయ్య

*

ప్రయోగశాల, రెండో అంతస్తు
మే 20

మామయ్యా,

నీ ఉత్తరం గదిలో అందరి ముందూ గట్టిగా చదివాను. "నా పనిముట్టు" అన్నచోట పెద్దసారు టీ ఒంటి మీద పోసుకున్నారు. గిల్లినచోట ఉమ్మి రాసుకో, నీది వద్దు, అత్తయ్యది.

అత్తయ్య విడిగా రాసింది. ఆవిడకి ఆ బొమ్మలో ఎడమ చివర కూర్చున్న ముసలమ్మ నచ్చిందట, తన పెద్దమ్మలా ఉందట. "మీ మామయ్య దూది దొర్లించేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటారు, నాకు ఇన్నాళ్ళూ తెలియదు" అని రాసింది.

ఇంక పది రోజులే ఉంది. ఎంతవరకు వచ్చింది? ఏడో మనిషి ఎవరు? ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కొక్కటి అంటున్నారు. రాజుగారని ఒకరు, దొంగ అని ఒకరు, చిత్రకారుడు తన్నే గీసుకుని సిగ్గుపడ్డాడని పెద్దసారు. తొందరగా రాయి. నోరు ఎలా ఉందో కూడా రాయి.

ఉడత

*

చిత్రశాల వెనక గది
జూన్ 15

ఉడతా,

ఆలస్యమైంది. బొమ్మ గోడ మీదికి ఎక్కేదాకా రాయకూడదనుకున్నాను.

మే ఇరవై తొమ్మిదిన, మధ్యాహ్నం భోజనాల ముందు, ఆఖరి మూల లేచింది. కాగితం మొత్తం ఒక్క ముక్కగా నా రెండు చేతుల్లోకి వచ్చింది. గ్లౌజులమ్మ పట్టుకుంటానంటే ఇచ్చాను.

రాజూ కాదు, దొంగా కాదు. ఒక అమ్మాయి. పాతికేళ్ళు కూడా ఉండవు. నార పోగు కొస నోట్లో పెట్టుకుని ఉంది. పెదవుల మధ్య పోగు, కింది పెదవి మీద తడి మెరుపు. తెల్ల రంగు చుక్క ఒక్కటి పెట్టాడు మహానుభావుడు, ఎంత బాగా పెట్టాడో! నార తడిస్తేనే మెత్తబడుతుంది, తడిస్తేనే పురి ఎక్కుతుంది. ఇది నాకు తట్టలేదు. మీ అత్త ముందుకు వంగి చూసి "నార తడుపుతోంది పిల్ల. అందులో మూసెయ్యడానికి ఏముంది?" అంది. ఎవరికో అది అసహ్యమనిపించి ఉంటుందని గ్లౌజులమ్మ అంది. ఎవరికనిపించిందో, ఎప్పుడనిపించిందో పుస్తకంలో లేదు. రాసుంటే తెలిసేదిగా అని నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

బొమ్మ ఇప్పుడు పెద్ద హాలులో ఉంది. జనం ఆ పిల్ల ముందే ఆగుతున్నారు. గది నాదే. పీట నాదే. గ్లౌజులమ్మ ఇంకో బొమ్మ పంపించింది, ఒక వంతెన, దాని మీద నూరేళ్ళ మసి. వీపు ఆనే కుర్చీ కొత్తది కూడా పంపించింది. దాని వెనక మీ అత్త పేరు రాయించింది. నా పీటకి ఏ పేరూ లేదు, నాకేం అక్కర్లేదు.

ఇక నోరు. ఇది చదివి నీ దగ్గరే ఉంచుకో. ఈ ఉత్తరం నేనే నడిచి వెళ్ళి డబ్బాలో వేస్తున్నాను, మీ అత్త చేతికి ఇవ్వడం లేదు.

పది రోజుల కిందట పొద్దున్న లేచేసరికి దిండు తడిగా ఉంది. చంటిపిల్లాడిలా చొంగ కార్చాను! అలాగే కూర్చుని కాసేపు చూసుకున్నాను. బుగ్గల లోపల నిమ్మకాయ పిండినట్టు ఊరుతోంది. ఆ రోజు మీ అత్త కిటికీ తుడుస్తుంటే అటు తిరిగి దూది నా నోట్లో పెట్టి మసి మీద దొర్లించాను. గోరంత మేర తెల్లగా వచ్చింది. కత్తెర తిరిగొచ్చింది, జారుడుబండ తిరిగొచ్చింది, స్టోరుకీపరు కూడా వచ్చే ఉంటాడు.

మీ అత్తకి చెప్పలేదు.

చెబితే ఏమవుతుంది? "సరే అయితే, మీ పని మీరు చూసుకోండి" అని కాజాలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. ఆవిడ ఇక్కడ కూర్చుంటే మధ్యాహ్నం తొందరగా గడుస్తోంది. నేను దూది దొర్లిస్తుంటే "కొంచెం ఎడమవైపు, అక్కడ ఎవరో ఉన్నారు" అంటుంది. నిజంగానే ఉంటున్నారు. మొన్న మసిలోంచి ఒక కుక్కపిల్ల వచ్చింది. ఆవిడ చెప్పకపోతే అటు వెళ్ళేవాణ్ణే కాదు.

పుస్తకంలో అబద్ధం రాయడం లేదు. వాడుతున్నది ఇప్పటికీ ఆవిడదే, రాస్తున్నదీ అదే. నాది ఊరుతోంది, నేను మింగుతున్నాను.

దిండు గలీబు నేనే ఉతికాను. రోజూ పొద్దున్నే, ఆవిడ లేవకముందు. నిన్న చూసేసింది. "మీరు బట్టలుతుకుతున్నారేమిటి?" అంది. టీ ఒలికిందన్నాను. మంచం మీద టీ ఏమిటంది. నేను గలీబు తీసుకెళ్ళి తీగ మీద ఆరేశాను.

నువ్వొక సాయం చెయ్యి. ఈసారి ఉత్తరంలో "మామయ్యా, నోరు ఎలా ఉంది?" అని అడుగు. ఇంకా ఎండిపోయే ఉందని రాస్తాను. ఈమధ్య నీ ఉత్తరాలూ నా జవాబులూ మీ అత్త చదువుతోంది.

మామయ్య